రాక్ బ్యాండ్ సినిమాకు పాట కట్టడం ఎలా

హైదరాబాద్‌లో నాలుగైదేళ్లు నిలకడగా వాయించిన రాక్ బ్యాండ్‌కు ఏదో ఒక రోజు ఫిల్మ్‌నగర్ నుంచి ఫోన్ రావడం పెద్ద వింతేమీ కాదు. ఎవరో కో-డైరెక్టర్ మాట్లాడతాడు. మీ వీడియో ఒకటి చూశామని, డైరెక్టర్ గారికి నచ్చిందని, రేపు సాయంత్రం ఆఫీసుకు రాగలరా అని అడుగుతాడు. ఆ రాత్రి బ్యాండ్ మొత్తం కూర్చుని, తమకు బాగా పేరు తెచ్చిన పాటనే తీసి, మాటలు కొంచెం మారిస్తే సరిపోతుందని తీర్మానించుకుంటుంది. మేమూ అదే చేశాం. రెండు యాంప్లిఫయర్లు కారులో వేసుకుని జూబ్లీహిల్స్ వెళ్లి, గిటార్ సోలోతో సహా ఐదు నిమిషాల పాటను వినిపించాం. దర్శకుడు చివరి దాకా మర్యాదగా విని, "బాగుందండీ, ఇందులో మావాడు ఎక్కడున్నాడు?" అని అడిగారు. మా ఐదుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

వేదిక మీద పాట బ్యాండ్‌ది. తెర మీద అదే పాట ఒక పాత్రది. దానికి తోడు తెలుగు శ్రోత చెవి ముందుగా మాటను వెతుక్కుంటుంది. రాక్ సంగీతం బలమంతా గిటార్ రిఫ్‌లో, అంటే మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే చిన్న స్వరవరుసలో ఉంటే, తెలుగు సినిమా పాట బలమంతా పల్లవి మొదటి పాదంలో ఉంటుంది. ఈ రెండూ ఒకే చోట కూర్చోవాలని పోటీ పడతాయి కనుక, ఎవరు ఎప్పుడు పక్కకు జరగాలో ముందే తేల్చుకోవడమే ఈ పనిలో అసలు విద్య. పాట హిట్టవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ మాటకు చోటివ్వని రాక్ పాట ఎంత గొప్పగా మోగినా జనం నోట్లోకి ఎక్కదని మాత్రం ధైర్యంగా చెప్పగలను. మన దేశంలో బ్యాండ్‌లు సినిమాకు పని చేయడం కొత్త సంగతి కాదు. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బ్యాండ్ హిందీలో పూర్తి సినిమాలకే సంగీతం అందించింది. మన దగ్గర చౌరస్తా బ్యాండ్ నుంచి వెళ్లిన రామ్ మిరియాల సినిమాల్లో గాయకుడిగానూ, సంగీత దర్శకుడిగానూ పేరు తెచ్చుకున్నారు.

సిట్టింగ్‌లో ఏం అడగాలి

మొదటి సిట్టింగ్‌కు, అంటే దర్శకుడితో కూర్చుని కథ వినే సమావేశానికి, ఒక అకూస్టిక్ గిటార్, ఒక నోటుపుస్తకం చాలు. యాంప్లిఫయర్లు ఇంట్లోనే ఉండనివ్వండి. దర్శకుడు కథ చెబుతున్నంతసేపు వాయిద్యాన్ని తాకకండి. వేళ్లు తీగల మీదికి వెళితే చెవి కథలో ఉండదు. కథ అయిన తరువాత అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ పాట మొదలయ్యే ముందు తెర మీద వినబడే చివరి మాట ఏమిటి, పాట ముగిసిన వెంటనే వచ్చే సీన్ ఏమిటి అన్నది అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న, ఎందుకంటే పాట మొదటి స్వరం ఆ చివరి మాట మీదనే వాలుతుంది. రెండోది, పాత్ర పెదవి కలుపుతుందా, లేక పాట వెనుక వినబడుతుండగా మాంటేజ్ నడుస్తుందా అన్నది. పెదవి కలిపే పాటైతే ఊపిరి తీసుకునే చోటు నటుడికి కూడా ఉండాలి. మాంటేజ్ అయితే పల్లవి కన్నా బిట్లకే, అంటే మధ్యలో వచ్చే వాయిద్య భాగాలకే ఎక్కువ పని పడుతుంది. మూడోది నిడివి. నాలుగు నిమిషాలని చెప్పి ఎడిటింగ్‌లో రెండున్నరకు తెచ్చేవారు చాలామంది ఉన్నారు కనుక, ఒక చరణం తీసేసినా నిలబడేలా పాటను కట్టుకోవాలి.

'ఫలానా పాటలాంటిది కావాలి' అని ఒక రిఫరెన్స్ వినిపించడం ఇక్కడ మామూలే. దానికి చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఆ పాటలో మీకు నచ్చింది వేగమా, గొంతులోని కోపమా, లేక డ్రమ్స్ ఒక్కసారిగా ఆగిపోయే ఆ చోటా అని అడిగితే, తొంభై శాతం సందర్భాల్లో దర్శకుడి మనసులో ఉన్నది ట్యూన్ కాదని తెలుస్తుంది. ఆ ఒక్క గుణాన్నే తీసుకుని, ట్యూన్‌ను మీ సొంతంగా కట్టండి.

రిఫ్ కన్నా ముందు మాట

ఇంగ్లీషు రాక్ వింటూ పెరిగిన మాలాంటివారు ట్యూన్ కట్టేటప్పుడు నోటికి వచ్చిన ఇంగ్లీషులాంటి శబ్దాలతో కూనిరాగం తీస్తారు. ఆ అలవాటే తరువాత కొంప ముంచుతుంది. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లుతో తెగిపోతుంది; తెగిన చోట చిన్న నిశ్శబ్దం మిగులుతుంది; ఆ నిశ్శబ్దంలోకి గిటార్ దర్జాగా దూరుతుంది. తెలుగు అజంత భాష. మన మాట అచ్చుతో ముగుస్తుంది, ఆ అచ్చు గొంతులో కాసేపు నిలుస్తుంది. ఇంగ్లీషు శబ్దాలతో కట్టిన ట్యూన్‌లో తెలుగు మాట పెడితే, ఆ చివరి అచ్చు వినిపించవలసిన క్షణంలోనే గిటార్ దెబ్బ పడి మాట తోక తెగిపోతుంది. 'మాటలు వినబడటం లేదు, గొంతు పెంచండి' అని అందరూ మిక్సింగ్ ఇంజనీర్‌ను తిడతారు గానీ, తప్పు ట్యూన్ పుట్టినప్పుడే జరిగిపోయి ఉంటుంది.

అందుకే తత్తకారంతోనే ట్యూన్ కట్టాలి. 'తానన తానన తానానా' అని పాడుకుంటే గురువెక్కడ, లఘువెక్కడ అన్నది ఆ శబ్దంలోనే తేలిపోతుంది. పాట రాసే కవికి కూడా ఆ కొలతే కావాలి.

ఒక పాదాన్ని విప్పి చూపిస్తాను. ఒప్పందం రాసుకునే లోపే ఆగిపోయిన ఒక సినిమా కోసం కట్టినది కనుక, చూపించే స్వేచ్ఛ నాకుంది. అప్పుల్లో పోగొట్టుకున్న తన బండిని మూడేళ్ల తరువాత వేలంలో తానే కొనుక్కుని రోడ్డెక్కించే కుర్రవాడి సందర్భం అది. మొదట వచ్చిన పాదం 'దారికి అడ్డం రాకండి'. మాత్రలు లెక్కపెట్టండి, లఘువుకు ఒకటి, గురువుకు రెండు. 'దారికి' అన్నదానిలో దా గురువు, రి, కి లఘువులు, కలిపి నాలుగు. 'అడ్డం' రెండూ గురువులే, మళ్లీ నాలుగు. 'రాకం' నాలుగు. మిగిలిన 'డి' ఒక్క మాత్రే అయినా దాన్ని సాగదీస్తే ఇంకో నాలుగు. మొత్తం 16 మాత్రల చతురశ్ర నడక, అంటే నాలుగేసి మాత్రల నడక. నిమిషానికి 120 దెబ్బల (బీట్ల) వేగంలో, దెబ్బకు రెండు మాత్రల చొప్పున, పాదం సరిగ్గా నాలుగు సెకన్లలో ముగుస్తుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు కనుక ఒక్కో దెబ్బకు 12 ఫ్రేములు, పాదం మొత్తానికి 96. ఎడిటర్‌కు ఇలాంటి లెక్క ఎంత హాయిగా ఉంటుందో ఒకసారి అతని పక్కన కూర్చుంటే తెలుస్తుంది. వేగం 144 అయితే దెబ్బకు 10 ఫ్రేములు, 96 అయితే 15. ఇవి కూడా తెగకుండా కుదిరే అంకెలే. వేగం ఎంచుకునేటప్పుడు రెండు మూడు అంకెలు అటూ ఇటూ అయినా పాటకు నష్టం లేదనుకుంటే, ఫ్రేములకు కుదిరే అంకెనే తీసుకోండి.

ఇక ఈ పాదంలో రెండు చిక్కులు వచ్చాయి. మా గాయకుడు మామూలుగా మాట్లాడినట్టే సంధి కలిపి 'దారికడ్డం' అని పాడాడు. అప్పుడు 'రి' తరువాతి 'క' మీద ద్విత్వం భారం పడి గురువవుతుంది. దారి మూడు, కడ్డం నాలుగు, మొత్తం ఏడు. చతురశ్రం కాస్తా ఏడు మాత్రల మిశ్రమయింది. బేసి తాళమంటే ప్రాణం పెట్టే మా డ్రమ్మర్ కళ్లు మెరిశాయి, పాట మొత్తం ఏడులోనే నడుపుదామన్నాడు. రెండు రోజులు వాయించాం కూడా. బాగానే ఉంది గానీ, ఎదురింటి పిల్లలు దానికి చప్పట్లు కొట్టలేకపోయారు. చప్పట్లు తప్పిన చోట ఏడును చరణం తరువాతి బిట్‌లోకి పంపించి, పల్లవిని మళ్లీ నాలుగులోకి తెచ్చాం. సంధి విడదీసి పాడమని గాయకుడికి చెప్పడం ఒక ఎత్తు, విడిగా పాడితే సహజంగా వినబడేలా 'అ' ముందు గిటార్‌ను పావు దెబ్బ సేపు ఆపడం ఇంకో ఎత్తు. ఆ పావు దెబ్బ ఖాళీతోనే పాదం నిలబడింది.

రెండో చిక్కు చివరి అక్షరం. 'డి' మీద తారస్థాయి అందుకుని అరవాలంటే నోరు తెరుచుకోదు. ఇకారం గొంతును బిగిస్తుంది, శబ్దాన్ని బరకగా మార్చే డిస్టార్షన్ గిటార్ ముందు సన్నగా వినబడుతుంది. పైగా ఆ కుర్రవాడి కోపానికి 'రాకండి' అన్న మర్యాద కొంచెం హాస్యంగా తోచింది. 'రావద్దు' అంటే ఉకారం, అది ఇంకా మూసుకుపోతుంది. వారం తరువాత పాట రాస్తున్న కవిగారే 'రాకన్నా' అన్నారు. మాత్రలు చెడలేదు. నోరు పూర్తిగా తెరుచుకునే 'ఆ'కారం వచ్చింది. హైదరాబాద్ వీధిలో తగువు పెట్టుకునేటప్పుడు కూడా ఎదుటివాడిని అన్నా అనే పిలుస్తారు కనుక పాత్ర కూడా పాటలోకి వచ్చింది. 'దారికి అడ్డం రాకన్నా' అన్న తరువాత మా రిఫ్‌లో ఉన్న ఆరు స్వరాల్లో మూడింటిని తీసేశాం. మిగిలిన మూడూ 'న్నా' ముగిశాక మాత్రమే మోగుతాయి.

కవికి పంపేటప్పుడు ఐదారు ట్యూన్లు పంపి మీరే ఎంచుకోండి అనకూడదు. ఒక్కటే పంపాలి. వేగం చూపే క్లిక్ శబ్దం మీద తత్తకారం పాడిన ఫైలు ఒకటి, గిటార్ మాత్రమే ఉన్నది ఒకటి, సందర్భం రాసిన అరపేజీ చాలు. కవి ఒక చోట రెండు మాత్రలు ఎక్కువ కావాలంటే గొణగకుండా ఇవ్వండి. నాకు తెలిసినంతలో అలా అడిగి తీసుకున్న మాత్రల్లోనే పాటలో గుర్తుండిపోయే మాట కూర్చుంటుంది.

శృతి, రాగం, అరుపు

ఈ భాగం త్వరగానే చెప్పవచ్చు. గిటార్‌లో అన్నింటికన్నా లావు తీగ ఖాళీగా మీటితే పలికేది ఇంగ్లీషు స్కేలు పేరులో E, మన లెక్కలో మూడు శృతి. రాక్ రిఫ్‌లలో సగం ఆ తీగ మీదే పుడతాయి. సినిమాకు పాడే గాయకులకు కర్ణాటక సంగీతం వచ్చి ఉంటే వారు 'నాకు ఒకటిన్నర బాగుంటుంది' అనే అంటారు, స్కేలు పేరు చెప్పరు. ఈ రెండు భాషలూ బ్యాండ్‌లో కనీసం ఒకరికి రావాలి. గాయకుడు ఎవరో తేలకముందే రిఫ్‌ను ఖాళీ తీగకు కట్టేసుకుంటే తరువాత తీగలన్నీ దింపుకోవలసి వస్తుంది. ఆ లావు తీగను మాత్రం రెండు మెట్లు దింపితే రెండు శృతి (D) వస్తుంది, రిఫ్ బరువు కూడా పెరుగుతుంది. అంతకన్నా దింపాలంటే లావైన తీగలు వేసుకోవాలి.

రాక్ గిటార్‌లో వాడే పవర్ కార్డ్ అనే స్వరాల జోడీలో షడ్జమం, పంచమం తప్ప గాంధారం ఉండదు. అందుకే అది ఏ రాగాన్నీ ఎదిరించదు. గాయకుడు ఏ గాంధారం పలికితే పాట ఆ రంగులోకి మారుతుంది. రాక్ గిటారిస్టులు రోజూ సాధన చేసే మైనర్ పెంటటోనిక్ స్వరాలే మన శుద్ధ ధన్యాసి. మేజర్ పెంటటోనిక్ మోహనం. ఈ సంగతి గుర్తుంటే గిటారిస్టుకూ, సంగీతం నేర్చుకున్న గాయకుడికీ మధ్య సగం వాదనలు తగ్గుతాయి. అయితే స్వరాన్ని ఊపి పలికించే గమకాన్ని గిటార్ మెట్ల మీద యథాతథంగా వాయించాలని పట్టుబట్టవద్దు. తీగను లాగి జారుడు పలికించినంత వరకు బాగుంటుంది, గాయకుడు వేసే సంగతికి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే అల్లికకు) గిటార్ సంగతిని జోడించబోతే రెండూ పాడవుతాయి.

నగరం నడక

రాక్ పాట హైదరాబాద్ పాటగా వినబడాలంటే ఇక్కడి కాళ్లకు తెలిసిన నడక ఒకటి అందులో ఉండాలి. నిజాం కాలంలో సైన్యంలో చేరిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ కుటుంబాలు మర్ఫా వాద్యాన్ని ఈ నగరానికి తెచ్చాయి. ఏసీ గార్డ్స్ బస్తీ పేరులోని ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. బారాత్‌లలో వినబడే ఆ మోతకూ, బోనాల్లో పోతరాజు ముందు మోగే డప్పుకూ, వినాయక నిమజ్జనంలో ట్యాంక్‌బండ్ దాకా సాగే తీన్‌మార్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది. తీన్‌మార్‌లో ఒక్కో దెబ్బ మూడు ముక్కలుగా విడిపోతుంది, మన మాటల్లో చెప్పాలంటే తిశ్రం. 2023లో ఆస్కార్ అందుకున్న తెలుగు పాట నడక కూడా 6/8 లోనిదే, అంటే దెబ్బకు మూడు ముక్కలదే. నాలుగులో నడిచే రిఫ్ మీద మూడు ముక్కల డప్పు ఎక్కిస్తే ఒకదానికొకటి రాసుకుని నిప్పు పుడుతుంది. కానీ పాట మొత్తం అలాగే ఉంచితే చెవి అలసిపోతుంది. రెండో చరణం నుంచి చివరి పల్లవికి వచ్చే దారిలో ఎనిమిది దెబ్బల సేపు వాడి, అక్కడే డ్రమ్స్‌ను పూర్తిగా ఆపడం మాకు బాగా కలిసి వచ్చింది.

డప్పును కంప్యూటర్‌లోని శబ్దాలతో నడిపించే ఆలోచన వద్దు. కళాకారులను పిలవండి, వారికి సరైన డబ్బు ఇవ్వండి. మేము జులైలో రికార్డింగ్ పెట్టుకున్నాం. ఆషాఢం కావడంతో డప్పు వాయించేవారందరూ బోనాలకు కుదిరిపోయి ఉన్నారు. చివరికి ఇద్దరు అన్నలు రాత్రి పదకొండుకు తీరిక చేసుకుని వచ్చారు. వాన పడి తోలు వదులైంది. స్టూడియో వెనుక పార్కింగ్‌లో కాగితాలు, ఎండు కొమ్మలు పోగేసి మంట వేసి, డప్పులను దానికి చూపిస్తూ, సిర్ర అనే కర్రతో ఒక్కో దెబ్బ వేసి చెవి పెట్టి వింటూ, తోలు బిగిసే దాకా కాచారు. వాచ్‌మన్ పరుగున వచ్చి నీళ్ల బకెట్ చూపించాడు. లోపలికి వెళ్లిన పావుగంటకు ఏసీ చల్లదనానికి శబ్దం మళ్లీ మారింది, మళ్లీ బయటికి. ఆ రాత్రి నాలుగు సార్లు మంట దగ్గరికి వెళ్లి వచ్చాం. స్టూడియో గంటల లెక్కలో మంట గంటలు కూడా కలుపుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను.

డెమో నుంచి నాగ్రా దాకా

డెమోలో పెద్ద స్టూడియో శబ్దం అవసరం లేదు, మాట స్పష్టంగా ఉంటే చాలు. యూసుఫ్‌గూడలో మేము సాధన చేసే గదిలో గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించాం. వాటివల్ల గదిలో కీచు ప్రతిధ్వని కొంచెం తగ్గింది గానీ పక్కింటివారి నిద్రకు ఏమీ మేలు జరగలేదు. అక్కడ రికార్డు చేసిన డెమోను మొదట ఫోన్ స్పీకర్‌లో వినాలి. దర్శకుడు దాన్ని వినేది కారులోనో, ఫోన్‌లోనో. నిర్మాత వినేది వాట్సాప్‌లో. ఫోన్ స్పీకర్ బాస్ గిటార్ అడుగు స్వరాలను దాదాపుగా పలకదు. అందుకే బాస్‌కు కొంచెం డిస్టార్షన్ కలిపితే పై స్వరాంశాలు పుట్టి, అడుగు వినబడకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది. మాట స్పష్టత దాదాపు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. డిస్టార్షన్ గిటార్ అరుపు కూడా అక్కడే గూడు కట్టుకుంటుంది. గాయకుడు పాడుతున్నంతసేపు గిటార్‌కు ఆ ప్రాంతాన్ని తగ్గించి, బిట్‌లో తిరిగి ఇవ్వడం మిక్సింగ్‌లో ఒక చిన్న పని, కానీ ఆ పని చేయనివ్వని గిటారిస్టు సినిమాకు పనికిరాడు. ఈ మాట నేను గిటారిస్టుగానే రాస్తున్నాను.

డెమో నచ్చిన తరువాత పెద్ద దెబ్బ తగిలే అవకాశం ఒకటుంది. బ్యాండ్ గాయకుడి గొంతును ట్రాక్‌గా, అంటే తాత్కాలికంగా ఉంచి, ఫైనల్‌కు పేరున్న గాయకుడిని తెద్దామంటారు. హీరో గొంతుకు సరిపోవాలన్న కారణం ఒక్కోసారి నిజం కూడా. దీని గురించి బ్యాండ్ లోపల మొదటి రోజే మాట్లాడుకోవాలి, లేకపోతే పాట పూర్తయ్యే లోపు బ్యాండ్ విడిపోతుంది. మా గాయకుడు ఒక పాటలో అలా పక్కకు జరిగి, కోరస్ అరుపుల్లో మిగిలాడు. ఆరు నెలలు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఫైనల్ రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో చేయండి, వీడియోతో కలిసే శబ్దానికి అదే అలవాటైన కొలత. గిటార్‌ను యాంప్లిఫయర్ ముందు మైకుతోనూ, కేబుల్ ద్వారా నేరుగానూ రెండు విధాలా రికార్డు చేసి ఉంచుకుంటే, రేపు శబ్దం మార్చమన్నప్పుడు మళ్లీ వాయించనక్కరలేదు. డ్రమ్స్, బాస్, గిటార్లు, డప్పు, గొంతు, కోరస్ దేనికది విడి ఫైలుగా ఇవ్వాలి. ఎందుకంటే మీ రిఫ్ పాటతో ఆగిపోదు. ఫైట్ ముందు, ఇంటర్వెల్ దగ్గర నేపథ్య సంగీతంలో అది మళ్లీ తిరుగుతుంది. షూటింగ్‌లో పాట వినిపించేవారిని పాత టేప్ యంత్రం పేరుతో ఇంకా నాగ్రా అనే పిలుస్తుంటారు. వారికి ముందు నాలుగు క్లిక్కులున్న ఫైలు ఇవ్వండి. డాన్స్ మాస్టర్‌కు ఎనిమిదేసి దెబ్బల లెక్క ముఖ్యం. మీ పాటలో ఎక్కడైనా ఏడు దెబ్బల వరుస ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి. యాభై మంది డాన్సర్లు వరుసగా నిలబడ్డాక ఆ సంగతి బయటపడితే ఖర్చు నిర్మాతకు, తిట్లు మీకు.

కాగితం

ఈ భాగాన్ని దాటేయాలనిపిస్తుంది, దాటకండి. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, పాట రాసినవారు, ట్యూన్ కట్టినవారు తమ హక్కులు నిర్మాతకు రాసిచ్చినా, థియేటర్‌లో సినిమాతో పాటు కాకుండా ఇతర విధాల వాడుకపై రావలసిన రాయల్టీలో సమాన వాటాను మాత్రం వదులుకోలేరు. వారసులకో, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ వాటాను ఇంకెవరికి రాసిచ్చినా చెల్లదు. ఆ రాయల్టీ చేతికి రావాలంటే కవులు, స్వరకర్తల సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, పాట వివరాలు నమోదు చేయించాలి. ఒప్పందంలో కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా లెక్కిస్తుంది. ఈ రెండు గడులూ ఖాళీగా ఉన్నాయో, నిండి ఉన్నాయో చూడకుండా సంతకం పెట్టవద్దు.

బ్యాండ్‌కు అసలు చిక్కు వేరే చోట ఉంటుంది. ట్యూన్ ఎవరిది? రిఫ్ కట్టినవాడిదా, గొంతులో ట్యూన్ అల్లినవాడిదా, పాటను నిలబెట్టిన డ్రమ్స్ వరుస కట్టినవాడిదా? చట్టం దృష్టిలో స్వరకర్త, వాయించిన ప్రదర్శకుడు వేర్వేరు. ఇద్దరికీ హక్కులున్నాయి గానీ అవి ఒకటి కావు. మేము ఐదుగురం సమాన వాటా అని పేజీన్నర కాగితం రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం, అదీ మొదటి అడ్వాన్స్ రాకముందే. డబ్బు వచ్చాక రాసుకునే కాగితంలో స్నేహం ఉండదు. పేర్లు ఎక్కడ, ఏ వరుసలో వేయాలో కూడా ఒప్పందంలో రాయించండి. ఒక ఆడియో సంస్థ మా లిరికల్ వీడియోలో బ్యాండ్ పేరు వేసి, డ్రమ్మర్, బాసిస్టుల పేర్లు వదిలేసింది. సవరించమని పదకొండు మెయిళ్లు పంపాం, వీడియో మాత్రం అలాగే ఉంది. అలాగే మీ పాటను మీ కచేరీలో వాయించుకునే వీలు గురించి ఒక వాక్యం రాయించడం మరిచిపోకండి.

పాట విడుదలైన తరువాత లిరికల్ వీడియో కింద కామెంట్లు చదువుతూ కూర్చోవడం వృథా. సినిమా విడుదలైన వారంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక థియేటర్‌కు వెళ్లండి, వెనుక వరుసలో కూర్చోండి. పల్లవి మొదటిసారి వచ్చినప్పుడు ఎవరూ పాడరు. రెండోసారి కొందరు చివరి అక్షరం దగ్గర గొంతు కలుపుతారు. మూడోసారి ఎక్కడి నుంచి కలుపుతున్నారో వినండి. మొదటి మాట నుంచా, మధ్యలో ఏదో బరువైన అక్షరం నుంచా, లేక చివరి 'ఆ'కారం ఒక్కటేనా? జేబులో చీటీ ఉంచుకుని ఆ అక్షరం రాసుకోండి. తరువాతి సిట్టింగ్‌లో తత్తకారం పాడేటప్పుడు గిటార్‌ను ఆ చోట ఆపి మొదలుపెట్టండి.